గీత నుంచి మట్టికి: అరవై దాటాక బొమ్మలు నేర్చుకునేవారికి

ఉద్యోగ విరమణ తరువాత బొమ్మలు నేర్చుకోవాలనుకునేవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ రంగులు కొనాలన్నదే. రంగులు కొనడం మూడు నెలలు వాయిదా వేసుకోమని నేను చెబుతాను. నా యాభై ఎనిమిదో ఏట విజయవాడలో, మా ఇంటి వెనక వసారాలో, నేర్పేవారెవరూ లేకుండా నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు ముందుగా కొన్నది ఇరవై నాలుగు ట్యూబుల రంగుల పెట్టె. అందులో సగం ట్యూబులు మూత తీయకుండానే ఎండిపోయాయి. ఆ తరువాత పన్నెండేళ్ళలో నాకు నిలకడగా ఉపయోగపడిన పద్ధతి ఒక్కటే: ఒకే వస్తువును ముందు పెన్సిలుతో గీయడం, తరువాత దానినే మట్టి పలక మీద ఉబ్బెత్తుగా మలచడం, ఆపైన నాలుగు వైపులా కనిపించే బొమ్మగా చేయడం, చివరికి మళ్ళీ కాగితం దగ్గరకు వచ్చి రంగుల్లో వేయడం. చిత్రం, శిల్పం రెండు వేరు విద్యలని అనుకుని ఏదో ఒకటి ఎంచుకోవలసిన పని లేదు. గీత దగ్గర చేసిన పొరపాటు మట్టిలో బయటపడుతుంది, మట్టిలో చేతికి తెలిసింది రంగు వేసేటప్పుడు అక్కరకు వస్తుంది.

ఆలస్యమైందన్న బెంగ ఉన్నవారికి రెండు ఉదాహరణలు చెప్పాలి. రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టివేసిన మాటలను కలుపుతూ గీతలు గీసేవారు. ఆ అలవాటే ముదిరి, అరవైల్లో చిత్రాలు వేయడం దాకా వచ్చింది. ఆయన చిత్రాల మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగింది. చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్‌చంద్ ఏ కళాశాలలోనూ శిల్పం చదవలేదు. పగిలిన పింగాణీ పలకలు, విరిగిన గాజులు, పనికిరాని సామాను ఏరుకొచ్చి ఆయన రహస్యంగా కట్టుకున్న శిల్పవనాన్ని 1976లో ప్రజల కోసం తెరిచారు. ఇద్దరూ చేతికి దగ్గరగా ఉన్నదానితోనే మొదలుపెట్టారని గమనించండి. మీకు దగ్గరగా ఉన్నదేమిటో చూసుకోవడమే మీ మొదటి పని.

మొదటి నెలలో ఒక్క వస్తువును ఎంచుకోండి. అది కదలనిది, కుళ్ళిపోనిది, రెండు చేతుల్లో పట్టేంతది అయితే మంచిది. నేను మా అమ్మ వాడిన ఇత్తడి చెంబును ఎంచుకున్నాను. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్ళు, ఒక కార్ట్రిడ్జ్ కాగితాల పుస్తకం చాలు. చెంబును కిటికీ పక్కన, వెలుగు ఒకే వైపు నుంచి పడేలా పెట్టి, రోజూ ఒకే సమయంలో కూర్చోవాలి. చేయి పూర్తిగా చాపి పెన్సిలును నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, బొటనవేలు జరుపుతూ చెంబు వెడల్పును కొలవండి. అదే కొలత ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టండి. మోచేయి వంగితే కొలత మారిపోతుంది కనుక చేయి బిగించి ఉంచడం ముఖ్యం. ఆ తరువాత చెంబును గీయడం ఆపి, చెంబుకూ కిటికీ చువ్వకూ మధ్య ఉన్న ఖాళీ ఆకారాన్ని గీయండి. చెంబు ఎలా ఉంటుందో మనకు ముందే తెలుసన్న నమ్మకం కంటికి అడ్డు వస్తుంది; ఖాళీ గురించి మనకు ముందస్తు అభిప్రాయాలు ఉండవు కనుక దానిని ఉన్నదున్నట్టు చూస్తాము. ఇదే విధంగా ముప్ఫై బొమ్మలు వేసి, ప్రతి దానికీ మూలన తేదీ వేసి, వేటినీ చింపకుండా దాచండి. మొదటి బొమ్మను, ముప్ఫయ్యో బొమ్మను పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజున ఎవరి మెచ్చుకోలు కోసమూ ఎదురుచూడనక్కరలేదు.

ఫోన్‌లో తీసిన ఫోటో చూసి గీయడం సులువు కాబట్టి చాలామంది అటు మొగ్గుతారు. దానిని నేను గట్టిగా వద్దంటాను. దగ్గర నుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా కనిపిస్తాయి, నీడలో ఉన్న వివరమంతా నల్లగా కలిసిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఫోటోలో మీరు తల కొంచెం పక్కకు జరిపి వస్తువు వెనక ఏముందో చూడలేరు. మట్టిలోకి వెళ్ళదలచుకున్నవారికి ఆ పక్క చూపే అసలు పాఠం. ఫోన్‌ను వేరే పనికి వాడండి: మీరు గీసిన బొమ్మను ఫోటో తీసి నలుపు తెలుపుల్లోకి మారిస్తే వెలుగు నీడల తేడాలు సరిగా పడ్డాయో లేదో వెంటనే తెలుస్తుంది. బొమ్మను అద్దంలో చూడడం, తలకిందులుగా పెట్టి చూడడం కూడా అదే పని చేస్తాయి.

రెండో నెలలో మట్టి పట్టుకోండి. ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి ముందే తెలిసి ఉండాలి. గుంటూరు జిల్లా పొలాల్లో దొరికే నల్లరేగడి తడిసినప్పుడు బాగా ఉబ్బి, ఎండినప్పుడు బాగా కుంచించుకుపోతుంది. వేసవిలో చేలల్లో పడే నెర్రెలు అందుకు సాక్ష్యం. దానితో బొమ్మ చేస్తే అవే నెర్రెలు బొమ్మ మీద పడతాయి. కుండలు చేసేవారి దగ్గర, లేదా వినాయక చవితికి మట్టి ప్రతిమలు చేసేవారి దగ్గర వాడకంలో ఉన్న మట్టినే అడిగి కొనుక్కోవడం ఉత్తమం. రెండు రోజులు నీటిలో నానబెట్టి, జల్లెడలో వడకట్టి, పాత గుడ్డ మీద ఆరబోసి, చేతికి అంటుకోనంత గట్టిపడ్డాక అయిదో వంతు సన్నని ఇసుక కలిపి, చపాతీ పిండిలాగా మడతపెట్టి నొక్కుతూ పిసకాలి. తడి గుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి, మూత ఉన్న బకెట్లో పెడితే నెలల తరబడి మెత్తగా ఉంటుంది.

నేరుగా గుండ్రని బొమ్మలోకి దూకకుండా, ముందు ఉబ్బెత్తు శిల్పం చేయమనడానికి కారణం ఉంది. ఉబ్బెత్తు శిల్పం గీతకూ బొమ్మకూ నడుమ ఉన్న మెట్టు. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, అంగుళం మందం ఉన్న మట్టి పలక మీద మీ చెంబు బొమ్మను పుల్లతో గీసి, చుట్టూ ఉన్న మట్టిని అరంగుళం లోతున తొలగించండి. మిగిలిన అరంగుళం మందంలోనే చెంబు పొట్ట ముందుకు వచ్చినట్టు, మెడ వెనక్కి తగ్గినట్టు కనిపించాలి. నిజమైన లోతు లేకుండా లోతు చూపించడం ఎలాగో ఈ ఒక్క అభ్యాసం నేర్పుతుంది.

దీనికి మన ఊళ్ళ పక్కనే సాటిలేని గురువులు ఉన్నారు. అమరావతి స్తూపపు ఫలకాల్లో ఎక్కువ భాగం చెన్నై మ్యూజియంకూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకూ తరలిపోయినా, అమరావతిలోని పురావస్తు ప్రదర్శనశాలలో మిగిలినవి నేర్చుకునేవారికి చాలు. పల్నాటి సున్నపురాతి పలకలో కొద్ది అంగుళాల మందంలోనే ఆ శిల్పులు ముందు వరుస మనుషులను దాదాపు పూర్తి గుండ్రంగా, వెనక వరుసను పలచగా, అంతకు వెనక ఉన్నవారిని తలల అంచులు మాత్రమే కనిపించేలా చెక్కారు. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో, అంటే మనం చిన్నప్పటి నుంచి విక్టోరియా మ్యూజియం అని పిలిచిన చోట, అల్లూరు నుంచి తెచ్చిన సున్నపురాతి బుద్ధుడి విగ్రహం నిలబడి ఉంది. చీవరపు (బౌద్ధ భిక్షువుల పైవస్త్రపు) మడతలు ఒంటి మీద ఎలా జారుతున్నాయో చూస్తూ ఒక గంట దాని ముందు నిలబడండి. మడత గీతలు కేవలం అలంకారంగా కనిపిస్తాయి గాని, ఒక్కొక్క గీతా లోపలి శరీరపు గుండ్రతనాన్ని కొలిచి చూపిస్తుంది. ఉండవల్లి గుహల పై అంతస్తులో శయనించిన విష్ణుమూర్తిని తల వైపు నుంచి ఒకసారి, పాదాల వైపు నుంచి ఒకసారి గీయండి. ఒకే శరీరం రెండు చోట్ల నుంచి ఎంత వేరుగా కుదించుకుపోతుందో అప్పుడు అర్థమవుతుంది. ప్రదర్శనశాలలో కూర్చుని గీయడానికి ముందుగా అక్కడివారిని అడిగి అనుమతి తీసుకోండి. చిన్న పుస్తకం, పెన్సిలు ఉన్న పెద్దమనిషిని కాదన్నవారు నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

మూడో మెట్టు మనిషి తల. ఇక్కడ కొలతల విషయంలో ఒక తికమకను ముందే తొలగించుకోవాలి. మన శిల్పశాస్త్రంలో చెప్పే తాళం నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం దాకా ఉన్న ముఖపు కొలత. నవతాళ పద్ధతిలో విగ్రహానికి అలాంటివి తొమ్మిది, ఒక్కొక్కటి పన్నెండు అంగుళాలుగా మొత్తం 108 అంగుళాలు. ఈ అంగుళం విగ్రహం కొలతను బట్టి మారేదే తప్ప, స్కేలు మీద ఉండేది కాదు. పాశ్చాత్య పద్ధతిలో మనిషి ఏడున్నర తలల ఎత్తు అన్నప్పుడు తల అంటే నడినెత్తి నుంచి గడ్డం దాకా. ఈ రెండు లెక్కలను కలిపేస్తే బొమ్మ చెడుతుంది. తల వరకు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: కళ్ళు తల ఎత్తుకు సరిగ్గా సగంలో ఉంటాయి. కొత్తగా చేసేవారందరూ కళ్ళను పైకి పెట్టి నుదుటిని చిన్నది చేస్తారు, ఎందుకంటే మనం మనిషితో మాట్లాడేటప్పుడు నడినెత్తిని ఎప్పుడూ చూడము.

పీట మీద నిలువు కర్ర పాతి, దానికి జీఐ తీగను గుడ్డు ఆకారంలో చుట్టి, దాని మీద మట్టి ముద్దలు వేస్తూ పెంచండి. ముందు కపాలం, తరువాత దవడ, తరువాత ముక్కు గూడు. కనురెప్పలు, పెదవులు చివర్లో. ప్రతి పది నిమిషాలకు పీటను కొద్దిగా తిప్పండి. ఎదురుగా బాగున్న ముఖం పక్క నుంచి చూస్తే పలకలాగా ఉందంటే మీరు శిల్పం చేయడం లేదు, మట్టితో చిత్రం వేస్తున్నారని అర్థం. లోపల తీగ ఉన్న మట్టి ఎండితే కుంచించుకుపోయి తీగ చుట్టూ పగులుతుంది కనుక, కాల్చదలచుకున్న తలను తీగ మీద చివరిదాకా ఉంచకూడదు. మట్టి తోలులాగా బిగిసిన తరువాత సన్నని తీగతో తలను రెండుగా కోసి, లోపలి కర్రను, తీగను తీసివేసి, గోడ మందం అంగుళం లోపే ఉండేలా తొలిచి, అంచులను గీరి, పలచని మట్టి నీరు పూసి మళ్ళీ అతికించాలి. లోపలి గాలి పోవడానికి అడుగున ఒక రంధ్రం ఉంచాలి.

నేను మొదటిసారి ఇవేవీ చేయలేదు. మా వీధి చివర నిమ్మకాయలు అమ్మే అవ్వ వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం బేరం లేని వేళ, అరగంట చొప్పున కదలకుండా కూర్చుంటే ఆమె తల చేశాను. బోసి నోటి వల్ల లోపలికి వంగిన పెదవులు, కమ్మల బరువుకు సాగిన చెవి తమ్మెలు, నుదుటి మీద కుంకుమ రాపిడికి మెరిసే చోటు, అన్నీ కుదిరాయని నాకు అనిపించింది. త్వరగా ఆరాలని మే నెల ఎండలో డాబా మీద పెట్టాను. సాయంత్రానికి కుడి చెవి వెనక వెంట్రుకంత గీత కనిపించింది. మర్నాడు పొద్దున పీట ఎత్తగానే ఆ గీత దవడ దాకా విచ్చుకుని, చెవి నా అరచేతిలోకి వచ్చింది. పైపొర ఎండకు ఆరి బిగుసుకుంటూ ఉంటే, లోపల తడిగా ఉన్న గట్టి ముద్ద దానికి లొంగలేదు. పైగా అది కాలువ గట్టున నేను తవ్వుకొచ్చిన నల్లమట్టి. ఆమె మళ్ళీ కూర్చుంది, నేను మళ్ళీ చేశాను. రెండోసారి తలను తొలిచి, తడి గోనె కప్పి, గాలి తగలని గది మూలలో మూడు వారాలు ఆరబెట్టాను. మన వేసవిలో నీడ కూడా సరిపోదు, కప్పి ఉంచిన నీడ కావాలి. లోపల ఏమాత్రం తడి ఉన్నా కొలిమిలో అది ఆవిరై బొమ్మను పేలుస్తుంది కనుక, చెంపకు ఆనించి చూసినప్పుడు చల్లగా తగలడం మానేసేదాకా కాల్చడానికి ఇవ్వవద్దు.

కాల్చే సౌకర్యం లేనివారికి మన దగ్గర మరో దారి ఉంది. విజయవాడకు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసేవారు చేతులను, అవయవాలను అతకడానికి, మలచడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. ఆ మక్కును ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంకా సులువైనది మన ఇళ్ళలో చాటలకు, బుట్టలకు పూసిన కాగితపు గుజ్జు: పాత వార్తాపత్రికలను రెండు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి, మెంతిపిండి కలిపిన ఆ ముద్ద ఎండాక తేలికగా, గట్టిగా ఉంటుంది. బరువులు ఎత్తలేని వయసులో ఇది చిన్న లాభం కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీయదలచుకుంటే పొడిని నీటిలో చల్లాలి గాని, పొడిలో నీరు పోయకూడదు. నీటిపైన పొడి చిన్న దిబ్బలుగా తేలి మునగకుండా నిలిచినప్పుడు ఆపి, నెమ్మదిగా కలపాలి. గట్టిపడేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది కనుక చేతిని గాని, వేలిని గాని అందులో పెట్టి అచ్చు తీయడానికి ఎన్నడూ ప్రయత్నించవద్దు. గిన్నె కడిగిన నీటిని సింకులో పోస్తే గొట్టంలోనే రాయి అవుతుంది.

రాతికి తొందరపడకండి. ఘనపుటడుగు సున్నపురాయి దాదాపు 70 కిలోలు తూగుతుంది. పల్నాడులోని దుర్గి శిల్పుల పని చూశాక నాకూ ఉలి పట్టాలనిపించింది; పట్టాను కూడా, కాని అరచేతి కంటే పెద్ద రాయి జోలికి పోలేదు. గ్రానైటు, ఇసుకరాయి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఏ రాయి అయినా ఆరుబయట, రాతిని తడుపుతూ, ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు పెట్టుకునే చెక్కాలి.

ఇప్పుడు రంగుల పెట్టె తెరవవచ్చు. తెలుపు, నిమ్మ పసుపు, ఎల్లో ఓకర్, ముదురు ఎరుపు, అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు, ఈ ఆరూ చాలు. నలుపు కొనవద్దు. అల్ట్రామెరైన్, బర్న్‌ట్ సియెన్నా కలిపితే ఏ నలుపు ట్యూబులోనూ దొరకని లోతైన ముదురు రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, గోధుమ ఎక్కువైతే వెచ్చగా దానిని మీరే తిప్పుకోవచ్చు. దీనిని పరీక్షించడానికి గుంటూరు ఎండుమిర్చిని మించిన పాఠం లేదు. గుప్పెడు కాయలు తెల్ల కాగితం మీద పోసి కిటికీ దగ్గర పెట్టండి. దూరం నుంచి ఒకే ఎరుపుగా కనిపించే ఆ కుప్పలో తొడిమ దగ్గర నారింజ, ముడత లోపల వంగపండు రంగు, వెలుగు తగిలిన వీపు మీద ఆకాశపు నీలం కలిసిన తెలుపు ఉంటాయి. కాయ కింద నీడకు ఎరుపులోనే కొద్దిగా నీలం, ఆకుపచ్చ కలపండి. నలుపు కలిపిన నీడ మసిలాగా కనిపించి కాయను చంపేస్తుంది. తెల్ల కాగితం మీద కాయ పక్కన ఎర్రటి కాంతి వాలి ఉండడం కూడా గమనించండి. ఒకసారి ఆ కాంతి కంట పడితే ఇంట్లో ప్రతి గోడ మీదా ఏదో ఒక రంగు వాలి కనిపిస్తుంది.

మొదట్లో ఆక్రిలిక్ రంగులు అనుకూలం. వాసన పెద్దగా ఉండదు, ఆరకముందే నీటితో కడిగితే పోతాయి. మన ఎండాకాలంలో అవి పళ్ళెంలోనే నిమిషాల్లో ఎండిపోతాయి. అందుకు స్టీలు టిఫిన్ డబ్బా అడుగున తడిపిన గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, ఆ కాగితం మీద రంగులు కలపండి. మూత పెడితే మర్నాటికి కూడా మెత్తగా ఉంటాయి. వేసవిలో పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది వరకే పని పెట్టుకోవడం రంగుకూ మంచిది, ఒంటికీ మంచిది. తైలవర్ణాలకు వెళ్ళినప్పుడు కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే కొన్నేళ్ళకు బొమ్మ బీటలు వారుతుంది. అవిసె నూనె పీల్చిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని నీటిలో తడిపి, విడదీసి ఆరవేసిన తరువాతే పారేయండి.

శరీరం సంగతి దాచకుండా చెప్పాలి. చదువుకునే కళ్ళజోడు ఈజిల్ (బొమ్మను నిలబెట్టే చట్రం) దూరానికి పనికిరాదు. చేయి చాపినంత దూరానికి వేరే జోడు కావాలని కంటి వైద్యులకు చెప్పి చేయించుకోండి. శుక్లాలు ముదిరితే లోకమంతా పసుపుగా కనిపించి, నీలాలు మసకబారుతాయి. 1923లో శుక్లం తీయించుకున్న తరువాత ఫ్రెంచి చిత్రకారుడు మోనే తన రంగులను కొత్తగా బేరీజు వేసుకోవలసి వచ్చింది. మీ బొమ్మలు ఏడాదిగా వెచ్చబడుతున్నాయని ఎవరైనా అంటే, అభిరుచి మారిందనుకోకుండా ముందు కళ్ళు చూపించుకోండి. కుంచె పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే బొటనవేలి కీలుకు నొప్పి తగ్గుతుంది. మట్టి పీట మోచేతి ఎత్తులో ఉండాలి, నేల మీద కూర్చుని చేయవద్దు. మధుమేహం ఉన్నవారు చేతి మీద చిన్న గాయం ఉన్నా తొడుగు లేకుండా మట్టిలో, ప్లాస్టర్‌లో చేయి పెట్టకూడదు.

ఈ చుట్టు ఒకసారి పూర్తయ్యాక అదే చెంబును మళ్ళీ పెన్సిలుతో గీయండి, ఇంట్లోవారిని చూడమనండి. వారు మెచ్చుకుంటారు, అది ప్రేమ. పొరపాటు చెప్పగలవారు వేరే కావాలి. తెనాలిలో విగ్రహాలు చేసేవారి దగ్గరకో, చవితి ముందు వారాల్లో మట్టి వినాయకులు చేసే పందిళ్ళ దగ్గరకో మీ బొమ్మను పట్టుకెళ్ళి, పని లేని వేళ చూసి, వినయంగా చూపించండి. నా రెండో తలను, మట్టి ఇంకా మెత్తగా ఉండగా, అలా పట్టుకెళ్ళినప్పుడు ఒక కుర్రవాడు మాట్లాడకుండా బొటనవేలితో మెడను వెనక నుంచి ముందుకు ఒక్కసారి తోశాడు. అంతవరకు దిమ్మ మీద పెట్టినట్టున్న అవ్వ తల, బేరానికి వచ్చినవారి మాట వినడానికి ముందుకు వంగినట్టయింది. మెడ నిలువు స్తంభం కాదనీ, భుజాల మీద నుంచి ముందుకు వాలి ఉంటుందనీ నాకు అలా తెలిసింది.

బొమ్మ అడుగున మీ పేరు, తేదీ, కూర్చున్నవారి పేరు మట్టి ఇంకా బిగిసిపోకముందే పుల్లతో రాయండి. కాలిన తరువాత పేరు చెక్కబోతే పెచ్చు లేస్తుంది.